మూత్రం బిగుసుకున్న వీధి గండుపిల్లి: చేతిలో 2,300 రూపాయలతో మొదలైన ఒక అత్యవసర కేసు

నేపథ్యం

నేను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక నగరంలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే చిన్న క్లినిక్ నడుపుతున్నాను. ఒక డాక్టరు, ఇద్దరు సహాయకులు, నాలుగు బోనులు, ఒక మైక్రోస్కోపు, పాత ఈసీజీ యంత్రం, గ్లూకోమీటరు మాకున్న సరంజామా. ఎక్స్‌రేకు పక్క వీధికి వెళ్లాలి. రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే కొలత) పరీక్షలను మనుషుల ల్యాబులో చేయించుకుంటాం. ఈ కేసును రాయడానికి కారణం పిల్లి బతకడం కాదు. మొదటి రోజు సాయంత్రం డబ్బు గురించి నేను మాట్లాడిన తీరు, ఆ తర్వాత డబ్బు అయిపోయిందని తీసుకున్న ఒక వైద్య నిర్ణయం, రెండూ పిల్లి ఆరోగ్యాన్ని నేరుగా దెబ్బతీశాయి. అవి ఎలా జరిగాయో వరుసగా నమోదు చేస్తే నాలాంటి చిన్న క్లినిక్‌ల వారికీ, వీధి జంతువులను చేరదీసే వారికీ ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. మనిషినీ చోటునూ గుర్తుపట్టగల వివరాలు వదిలేశాను.

పిల్లి సుమారు మూడేళ్ల వయసున్న, వృషణాలు తీయని గండుపిల్లి, బరువు 3.8 కిలోలు. ఒక సందులో ఎనిమిది నెలలుగా దానికి అన్నం పెడుతున్నది ఒక మహిళ. ఆమె బట్టల దుకాణంలో పనిచేస్తూ ఒంటిగది అద్దె ఇంట్లో ఉంటారు. పిల్లి ఆమెది కాదు, ఆమె ఇంట్లో ఉండదు, కానీ సాయంత్రం ఆమె చెప్పుల చప్పుడు వినగానే గోడ దిగి వస్తుంది. దాని తిండి చవక రకం పొడి గుళికలు, మిగిలిన అన్నం, సంత నుంచి తెచ్చే ఎండు చేపలు. నీటి గిన్నె వేరుగా పెట్టే అలవాటు లేదు.

వచ్చిన సమస్య

ఆమె మొదట గమనించింది పిల్లి మాటిమాటికీ మట్టి గోకి, కూర్చుని, ముక్కడం. మలబద్ధకం అనుకుని మధ్యాహ్నం చెంచాడు ఆముదం పట్టించారు. ఇది చాలామంది చేసే పొరపాటు, అర్థం చేసుకోదగిన పొరపాటు కూడా. గండుపిల్లి మూత్రం రాక ముక్కినా, మలం రాక ముక్కినా చూసేవారికి ఒకేలా కనిపిస్తుంది. కానీ మలబద్ధకానికి ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది, మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆ వ్యవధి ఉండదు. మగపిల్లి మూత్రమార్గం చివరి భాగంలో బాగా సన్నబడుతుంది. అక్కడ జిగురు, స్ఫటికాలు, వాపు వల్ల రాలిన కణాలు కలిసిన చిన్న ముద్ద అడ్డుపడితే చాలు. మూత్రాశయం నిండి, ఒత్తిడి మూత్రపిండాలదాకా వెనక్కి పాకి, బయటికి పోవలసిన పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. చివరికి ప్రాణం తీసేది చాలాసార్లు ఆ పొటాషియమే, గుండె లయను ఆపి.

సాయంత్రం 7:30కు ఆమె కూరగాయల సంచిలో పిల్లిని తెచ్చారు. అది మెలకువగానే ఉంది, రెండుసార్లు వాంతి చేసుకుంది, పొట్ట తాకితే అరుస్తోంది. పొట్ట వెనుక భాగంలో పెద్ద నిమ్మకాయంత గట్టి గడ్డలా మూత్రాశయం చేతికి తగిలింది. మెల్లగా ఒత్తినా చుక్క రాలేదు. గుండె నిమిషానికి 188 సార్లు కొట్టుకుంటోంది, ఉష్ణోగ్రత 100.8 డిగ్రీల ఫారన్‌హీట్. రెండూ పిల్లికి మామూలు హద్దుల్లోనే ఉన్నాయి. అడ్డు ఏర్పడి ఎక్కువ గంటలు కాలేదని, రక్తం ఇంకా పాడవలేదని ఆ రెండు అంకెలు చెబుతున్నాయి.

వ్యాధిని సరిగానే గుర్తించాను. తర్వాత ఆమె ఖర్చెంతని అడిగారు. నేను ఒకే అంకె చెప్పాను: సుమారు 16,000 రూపాయలు. అందులో మత్తు, అడ్డు తొలగించి మూత్రమార్గంలో వేసే గొట్టం, ఎక్స్‌రే, స్కానింగు, రక్త పరీక్షలు, అయిదు రోజుల బోను, మందులు, మళ్లీ అడ్డుపడితే వేయాల్సిన రెండో గొట్టం, నా ఫీజు అన్నీ ఉన్నాయి. తర్వాత బిల్లు పెరిగిందని ఎవరూ బాధపడకూడదని గరిష్ఠ మొత్తం ముందే చెప్పడం నా అలవాటు. నిజాయితీ అంటే అదేనని అప్పటివరకు నమ్మాను.

ఆమె దగ్గర 2,300 ఉన్నాయి. "డబ్బు చూసుకుని వస్తాను డాక్టర్ గారూ, ఈ రాత్రికి ఏదైనా మందు రాసివ్వండి" అన్నారు. మందుతో తగ్గేది కాదని, రాత్రి దాటితే ప్రాణానికే ముప్పని చెప్పాను. నొప్పికి ఒక ఇంజెక్షన్ చేసి, చూసినందుకు 300 తీసుకుని పంపాను. ఆమె నిర్లక్ష్యంతో వెళ్లారని ఆ రాత్రి అనుకున్నాను. ఆ ఆలోచన తప్పని మర్నాడు తెలిసింది.

ఆ రాత్రి గడిచిన పదకొండున్నర గంటలు

ఆమె దుకాణం యజమానికి ఫోన్ చేసి జీతంలో 2,000 ముందుగా అడిగారు. చెవి కమ్మలు తాకట్టు పెట్టాలనుకున్నారు గానీ ఆ వేళకు తాకట్టు కొట్టు మూసేశారు. సందులోని వాట్సాప్ గ్రూపులో పిల్లి ఫొటో పెట్టి సాయం అడిగితే 400 వచ్చాయి. దారిలో మందుల షాపులో మూత్రంలో మంటకు వాడే సిరప్ అడిగి తెచ్చి, సిరంజితో మూడుసార్లు పట్టించి, మూత్రం వస్తుందేమోనని నీళ్లు కూడా బలవంతంగా తాగించారు. ఆ సీసా తర్వాత నేను చూశాను. అందులో ఉన్నది పొటాషియం సిట్రేట్. పొటాషియం బయటికి పోయే దారి మూసుకుపోయిన శరీరంలోకి ఇంకాస్త పొటాషియం వెళ్లింది. సిరప్ పట్టించేటప్పుడు పిల్లి ఆమె ముంజేతిని రక్తం వచ్చేలా గీరింది.

ఉదయం 7 గంటలకు తిరిగి వచ్చేసరికి పిల్లి పక్కకు వాలి ఉంది. ఉష్ణోగ్రత 96.4, గుండె నిమిషానికి 104. భయపడిన పిల్లికి గుండె వేగం పెరగాలి. పడిపోయిందంటే, దానితోపాటు ఒళ్లు చల్లబడిందంటే, ల్యాబు ఫలితం రాకముందే పొటాషియం ప్రమాదస్థాయికి చేరిందని అనుకుని పని మొదలుపెట్టాలి. ఈ సమాచారం ఇచ్చినవి థర్మామీటరూ స్టెతస్కోపూ, పైసా ఖర్చు లేకుండా. ఈసీజీలో పీ తరంగాలు మాయమై, టీ తరంగాలు నిటారుగా లేచి ఉన్నాయి, పొటాషియం గుండెను దెబ్బతీస్తోందనడానికి గుర్తులివి. గంట తర్వాత ల్యాబు చెప్పిన అంకెలు: పొటాషియం 8.4 (5.5 దాటకూడదు), క్రియాటినిన్ 11.2.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా రాయాలి. మూత్రమార్గంలో గొట్టం వేసే ఖర్చు భరించలేని వారి కోసం 2010లో అమెరికాలో ఒక పద్ధతిని పరీక్షించి ప్రచురించారు. పిల్లికి నొప్పి తగ్గించి, మత్తుగా ఉంచి, సూదితో పొట్ట మీదుగా మూత్రాశయాన్ని ఖాళీ చేస్తూ, చర్మం కింద సెలైన్ ఇస్తూ, చీకటిగా ప్రశాంతంగా ఉన్న చోట ఉంచి, మూత్రమార్గం దానంతట అది సడలడానికి మూడు రోజులవరకు వేచి చూస్తారు. 15 పిల్లుల్లో 11 ఇలా కోలుకున్నాయి. మిగతా నాలుగింటిలో పొట్టలోకి మూత్రమో రక్తమో కారి పద్ధతి విఫలమైంది. గొట్టం వేయడంతో సమానమైన చికిత్స ఇది కాదు. కానీ గొట్టమూ లేదు, దయామరణమూ వద్దు అనుకునే చోట గౌరవించదగిన దారి. రక్తం తీవ్రంగా పాడైన పిల్లులను మాత్రం ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు.

ముందు రోజు సాయంత్రం, గుండె 188 ఉన్నప్పుడు, మా పిల్లికి ఆ దారి బహుశా తెరిచే ఉంది. కనీసం సూదితో ఒక్కసారి మూత్రాశయం ఖాళీ చేసి ఉంటే కొన్ని గంటల గడువు దొరికేది. దానికయ్యే ఖర్చు ఆమె చేతిలో ఉన్న 2,300 లోపే. తెల్లారేసరికి ఆ దారి మూసుకుపోయింది. పిల్లి అదే, ఆమె పేదరికమూ అదే. మారింది గంటలు మాత్రమే. 16,000 అన్న ఒక్క అంకె ఆమెను ఆ గంటల్లో డబ్బు కోసం ఊరంతా తిప్పింది. నేను చెప్పవలసింది ఇప్పుడు ఎంత, రాత్రికి ఎంత, రేపటికి ఎంత అన్నది.

మొదటి గంట

ఈసారి మొత్తం అంకె చెప్పలేదు. "అమ్మా, ముందు ఒక గంట పని చేస్తాను. దీనికి 2,100 అవుతుంది. గంట తర్వాత గుండె కుదుటపడితే తర్వాతి మెట్టు గురించి మాట్లాడదాం. కుదుటపడకపోతే ఇంకో రూపాయి ఖర్చు పెట్టమని నేనే అనను" అన్నాను. ఆమె వెంటనే ఒప్పుకున్నారు.

పిల్లి ముందుకాలి నరంలో 24 గేజ్ క్యాన్యులా (మందులు ఎక్కించే సన్నటి సూది) పెట్టి, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 3.5 మిల్లీలీటర్లను పది నిమిషాలపాటు, స్టెతస్కోపు చెవిలోంచి తీయకుండా, నెమ్మదిగా ఇచ్చాను. కాల్షియం పొటాషియంను తగ్గించదు. గుండె కండరాన్ని దాని దెబ్బనుంచి సుమారు అరగంట కాపాడుతుంది, అంతే. ఆ అరగంటలో పొటాషియంను కణాల్లోకి నెట్టడానికి ఒక యూనిట్ రెగ్యులర్ ఇన్సులిన్, దానితోపాటు పలుచన చేసిన డెక్స్‌ట్రోజ్ (చక్కెర ద్రావణం) ఇచ్చి, గంటగంటకూ గ్లూకోమీటరుతో చక్కెర చూశాం. ఇవన్నీ మనుషుల మందుల షాపులో దొరికేవే, చవకైనవే.

నరంలోకి ఎక్కించే ద్రవం విషయంలో రింగర్స్ లాక్టేట్ ఎంచుకున్నాను. అందులో పొటాషియం ఉందని చాలామంది దాన్ని పక్కనపెట్టి నార్మల్ సెలైన్ వాడతారు. ఉన్నది లీటరుకు 4 మిల్లీ ఈక్వివలెంట్లు (రక్తంలో పొటాషియంను కొలిచేదీ ఇదే కొలతలో). 8.4 ఉన్న రక్తంలోకి 4 ఉన్న ద్రవం వెళితే పలచబడుతుందే తప్ప పెరగదు. పైగా రక్తంలోని ఆమ్లత్వం సెలైన్‌తో కంటే దీనితో త్వరగా సర్దుకుంటుంది.

గుండె 150 దాటాక, 22 గేజ్ సూదికి పొడుగాటి గొట్టం, మూడుదారుల కవాటం తగిలించి మూత్రాశయంలోంచి 85 మిల్లీలీటర్ల ఎర్రటి మూత్రం తీశాను. బిగిసిన మూత్రాశయానికి సూది గుచ్చితే చిరుగుతుందన్న భయం నాకూ చాలాకాలం ఉండేది. ఒకే గుచ్చుతో, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా సూది కదలకుండా పట్టుకుంటే ఆ ప్రమాదం తక్కువే. ఒత్తిడి తగ్గగానే మూత్రపిండాలు పనిచేయడం మొదలుపెడతాయి, తర్వాత గొట్టం వేయడమూ తేలికవుతుంది. ఖాళీ చేయగానే పిల్లి తలెత్తి చుట్టూ చూసింది.

ఈలోగా మా సహాయకురాలు ఆమె ముంజేతి గాట్లను సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగించి, ప్రభుత్వాసుపత్రికి వెళ్లి కుక్కకాటు టీకా వేయించుకోమని చీటీ రాసిచ్చింది. అక్కడ టీకా ఉచితం. వీధి జంతువును చేరదీసినవారు దాని ఖర్చు లెక్కవేసుకుంటూ తమ ఒంటిని మరిచిపోతారు. ఇది నేను పదేపదే చూశాను.

గొట్టం, ఆ తర్వాత నా పొరపాటు

రెండో మెట్టు మత్తు, గొట్టం: 1,900. ఆమె దగ్గర 300 పోగా మిగిలిన 2,000, యజమాని ఇచ్చిన 2,000 కలిపి ఈ రెండు మెట్లకూ సరిగ్గా సరిపోతాయి. ఈ సరిపోవడమే తర్వాత నన్ను తప్పుదారి పట్టించింది.

మూత్రపిండాలు నలిగిన పిల్లికి కెటమిన్ అనే మత్తు మందు ఎక్కువ ఇవ్వకూడదు. అది చాలావరకు మూత్రం ద్వారానే బయటికి పోతుంది. అందుకని మత్తుకు మిడజోలం, నొప్పికి బ్యూటార్ఫనాల్‌తో పాటు కొద్దిగా మాత్రమే ఇచ్చి, తోక మొదట్లో వెన్నుపూసల సందున మొద్దుబార్చే మందు 2 శాతం లిగ్నోకెయిన్ 0.4 మిల్లీలీటర్లు వేశాను. ఈ చిన్న ఇంజెక్షన్‌కు అయ్యేది కొన్ని రూపాయలు. వెనుక భాగం మొద్దుబారి మూత్రమార్గం సడలుతుంది, మత్తు మందు సగం మిగులుతుంది. 1.3 మిల్లీమీటర్ల పిల్లి గొట్టాన్ని పెట్టి, మూత్రమార్గం వంపు పోయేలా తోకవైపు లాగి పట్టుకుని, సెలైన్ మెల్లగా చిమ్ముతూ పోతే మూడో ప్రయత్నంలో ఇసుక లాంటి ముద్ద కదిలి గొట్టం లోపలికి వెళ్లింది. మైక్రోస్కోపు కింద శవపేటిక మూత ఆకారపు స్ఫటికాలు, అంటే స్ట్రువైట్, కనిపించాయి, బ్యాక్టీరియా కనిపించలేదు.

మూడు ఖర్చులను ఇక్కడ ఆలోచించి తీసేశాను. యాంటీబయాటిక్: ఈ వయసు గండుపిల్లుల్లో అడ్డుకు కారణం చాలా అరుదుగా మాత్రమే సూక్ష్మజీవి, గొట్టం ఉన్నప్పుడు ముందుజాగ్రత్తగా ఇస్తే మొండి సూక్ష్మజీవులు పెరుగుతాయి. ప్రాజోసిన్: మూత్రమార్గాన్ని సడలిస్తుందని అలవాటుగా రాస్తాం, కానీ మళ్లీ అడ్డుపడకుండా ఆపుతుందని ఇటీవలి అధ్యయనాల్లో తేలలేదు. ఎక్స్‌రే: మొదటిసారి అడ్డుపడిన చిన్న వయసు పిల్లిలో రాయి ఉండే అవకాశం తక్కువ, గొట్టం వెళ్తున్నప్పుడు రాయి తగిలిన గరుకు చేతికి తెలియలేదు. రెండోసారి అడ్డుపడితే తప్పక తీయించాలని కాగితంమీద రాసుకున్నాం. ఈ మూడింటి విషయంలో ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు.

గొట్టాన్ని వాడేసిన సెలైన్ బాటిల్‌కు కొత్త ఐవీ సెట్‌తో కలిపి కింద వేలాడదీశాం. మొదటి ఆరు గంటల్లో 210 మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది, అంటే కిలో బరువుకు గంటకు తొమ్మిది మిల్లీలీటర్ల పైమాటే. అడ్డు తొలగిన మూత్రపిండాలు ఇలా వరదలా వదలడం తెలిసిందే. వచ్చినంత నీరు తిరిగి ఎక్కించకపోతే పిల్లి ఎండిపోతుంది. అందుకని రెండేసి గంటలకు బాటిల్ కొలిచి, అంతే ద్రవం ఎక్కించాం.

సాయంత్రానికి పొటాషియం 5.2కు దిగింది. పిల్లి నాలుగు ముద్దలు తిన్నది. బోనుకు రోజుకు 900. ఆమె దగ్గర డబ్బు అయిపోయింది. రాత్రి 8 గంటలకు గొట్టం తీసేసి, చర్మం కింద 100 మిల్లీలీటర్ల ద్రవం ఇచ్చి ఇంటికి పంపాను.

ఆ నిర్ణయానికి నేను చెప్పుకున్న కారణాలు: గొట్టం తేలికగానే ఆడుతోంది, ధార బాగుంది, పిల్లి తింటోంది, ఇంట్లో భయం తక్కువ. ఎదురుగా ఉండి నేను తూకం వేయని కారణాలు: మూత్రం ఇంకా ఎర్రగానే ఉంది, క్రియాటినిన్ 6.1, మూత్రం ఇంకా వరదలా వస్తోంది, మూత్రమార్గం గోడలు ఉదయం మూడు ప్రయత్నాలకు వాచి ఉన్నాయి. ఆమె డబ్బుతో వచ్చి ఉంటే ఆ రాత్రి ఆ గొట్టం తీసేవాడినా అని తర్వాత నన్ను నేను అడిగాను. తీసేవాడిని కాదు. వైద్య కారణాలతో తీసుకున్నట్టు రికార్డులో రాసిన ఆ నిర్ణయం నిజానికి డబ్బు నిర్ణయం. దాన్ని డబ్బు నిర్ణయంగానే ఆమెముందు పెట్టి ఉంటే, రెండు రాత్రుల బోను అద్దె అప్పుగా ఉంచుకోమని నేనో, కమ్మలు తాకట్టు పెడతానని ఆమెనో అనేవాళ్లం.

మళ్లీ అడ్డు

ఇంటికి పంపేటప్పుడు ఒక పని మాత్రం సరిగా చేశాం. పిల్లిని ఆమె గదిలోనే ఉంచి, ఇసుక పోసిన తట్ట పెట్టి, ప్రతిసారీ తడి ఎంతమేర అయిందో గడియారం చూసి రాయమన్నాం. నాలుగు గంటలు తడి లేకపోయినా, తట్టలోకి వెళ్లి ఖాళీగా వచ్చినా వెంటనే తేవాలని, ఫోన్ చేసి అడగనక్కర్లేదని చెప్పాం. 22 గంటల తర్వాత ఆమె ఆ కాగితంతోనే వచ్చారు. మధ్యాహ్నం రెండు తర్వాత తడి లేదు. మూత్రాశయం గట్టిగా ఉంది, కానీ గుండె 180, ఉష్ణోగ్రత మామూలు. అడ్డు అదే, ప్రమాదం మాత్రం మొదటిసారి ఉన్నంత లేదు. ఒక కాగితం, తట్టెడు ఇసుక ఆ తేడా తెచ్చాయి.

ఈసారి మందుల సీసాల కంటే ముందు బల్లమీద తెల్ల కాగితం పెట్టాను. ఇప్పుడు కావలసింది: రెండోసారి మత్తు, గొట్టం 1,900, ఎక్స్‌రే 600, గొట్టం 48 గంటలు ఉంచడానికి రెండు రోజుల బోను 1,800, ద్రవాలు, రక్త పరీక్షలు 1,300, మందులు 450. మొత్తం 6,050. ఇందులో నా ఫీజు లేదు. సరుకులు కొన్న ధరకే వేశాను. ఏది ముందు, ఏది తర్వాత, ఏది వదిలేయవచ్చో పక్కనే రాశాను.

కింద ఇంకొక వాక్యం రాయవలసి వచ్చింది: మూడోసారి అడ్డుపడితే ఏం చేస్తాం? అప్పుడు మిగిలేది మూత్రమార్గం సన్నటి భాగాన్ని తీసేసి వెడల్పు రంధ్రం చేసే శస్త్రచికిత్స, లేదా దయామరణం. ఆ శస్త్రచికిత్స మా క్లినిక్‌లో చేయను. రాష్ట్రంలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలలోని పశువైద్య కళాశాలలకు బోధనాసుపత్రులు ఉన్నాయి. పగటిపూట తక్కువ రుసుముతో నిపుణులు చూస్తారు. కుదుటపడిన పిల్లిని అక్కడికి పంపవచ్చు, అర్ధరాత్రి కొనప్రాణంతో ఉన్నదాన్ని పంపలేం. దయామరణం మాట ఎత్తగానే ఆమె "అది నా పిల్లి కాదు కదా, దాని ప్రాణం గురించి నేనెలా చెప్పను?" అన్నారు. యజమాని లేని జంతువు విషయంలో ఈ ప్రశ్న తప్పదు. రేపటినుంచి దాన్ని ఎవరు చూసుకుంటారో, రాత్రి ఎవరు మేలుకుంటారో వారి మాటకే విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. అదే చెప్పాను. బాధ తగ్గించే దారి ఇంకేమీ లేనప్పుడు తప్ప ఆ ప్రశ్న మళ్లీ ఎత్తనని కూడా మాటిచ్చాను. ఆమె చాలాసేపు పిల్లి తల నిమిరి, సంతకం పెట్టారు.

ఆ కాగితం ఫొటోను ఆమె అదే వాట్సాప్ గ్రూపులో పెట్టారు. డబ్బు తన ఖాతాకు కాకుండా క్లినిక్ యూపీఐకి, పిల్లి కేసు నంబరు రాసి పంపమన్నారు. మొదటిరోజు బాధపడుతున్న పిల్లి ఫొటోకు వచ్చింది 400. వరుసవారీగా లెక్క రాసిన కాగితానికి మర్నాటికి 3,900 వచ్చింది. పంపినవారిలో ఇద్దరు నాతో మాట్లాడారు: మొదటిరోజు ఎంత కావాలో, తమ వంద రూపాయలు దేనికి పనికొస్తాయో తెలియక ఊరుకున్నామని చెప్పారు. ఎక్స్‌రేకు అని రాసి ఒక పెద్దాయన సరిగ్గా 600 పంపారు.

పనిచేసింది

ఎక్స్‌రేలో రాళ్లు లేవు. రెండో గొట్టం మొదటి ప్రయత్నంలోనే వెళ్లింది. దాన్ని 48 గంటలు ఉంచాం. ఈసారి గొట్టం తీయడానికి గడియారాన్ని కాక మూడు గుర్తులను ప్రమాణంగా పెట్టుకున్నాం: బాటిల్‌లో మూత్రం లేత పసుపుకు రావాలి, క్రియాటినిన్ 2.5 లోపుకు దిగాలి, ఎక్కించే ద్రవం తగ్గించినా మూత్రం స్థిరంగా రావాలి. రెండో రోజు సాయంత్రానికి మూడూ కుదిరాయి; క్రియాటినిన్ 1.9. నొప్పికి బ్యూటార్ఫనాల్ కొనసాగించాం. మూత్రపిండాలు ఇంకా తేరుకోని పిల్లికి మెలాక్సికామ్ లాంటి, మూత్రపిండాలమీద భారం వేసే నొప్పి మందులు ఇవ్వలేదు. బోనుకు నాలుగువైపులా పాత చీర కట్టి, కుక్కల గదికి దూరంగా పెట్టాం. భయం, ఒత్తిడి ఈ జబ్బును తిరగబెడతాయి కాబట్టి ఆ చీరను చికిత్సలో భాగంగానే చూడాలి.

గొట్టం తీసిన అయిదు గంటలకు పిల్లి తట్టలో పొడవైన తడి చేసింది. ఆ రాత్రి కూడా ఉంచుకున్నాం. దానికి డబ్బు వేయలేదు.

ఇంటి దగ్గర తిండి విషయంలో ప్రత్యేకమైన మూత్ర సంబంధ ఆహారం ఆమె జీతానికి అందదు. అందని దాన్ని రాసిచ్చి చేతులు దులుపుకోవడంలో అర్థం లేదు. ఆ ఆహారం చేసే పనుల్లో ముఖ్యమైనది మూత్రాన్ని పలచబరచడం. అది నీళ్లతోనూ కొంతవరకు సాధ్యం. ఎండు చేపలు, ఉప్పు మానిపించి, అవే గుళికలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఉప్పు లేకుండా ఉడికించిన చేప నీళ్లు కలిపి పెట్టమన్నాం. గుళికలు పూర్తిగా మానేసి ఉత్త చేప అన్నమే పెడితే పిల్లికి కావలసిన టారిన్ వంటి పోషకాలు చాలవు కనుక గుళికలు ఉండాల్సిందే. రెండుచోట్ల వెడల్పాటి నీటి గిన్నెలు పెట్టమన్నాం. మూడు వారాల తర్వాత వృషణాలు తీసి, రేబిస్ టీకా వేశాం.

లెక్క ఇలా ముగిసింది: మొదటి చూపు 300, తొలి గంట 2,100, తొలి గొట్టం 1,900, రెండో విడత 6,050. మొత్తం 10,350. ఆమె మొదట ఇచ్చినవి 4,300. సందువారు ఇచ్చినవి 4,300. మిగిలిన 1,750ను ఆమె నెలకు 350 చొప్పున అయిదు నెలల్లో కట్టారు. మొదటి గొట్టాన్ని రెండు రోజులు ఉంచి ఉంటే రెండో మత్తు, రెండో గొట్టం బహుశా అవసరం పడేవి కావు. రెండు రాత్రుల బోనుకు 1,800 లేదని పంపేశాను, దానివల్ల 1,900 అదనంగా అయింది. పిల్లి పడ్డ బాధను ఆ లెక్కలో వేయలేం.

నేర్చుకున్నవి

చవకైన వైద్యానికి గడువు ఉంటుంది. ఖరీదైన వైద్యం మర్నాడు కూడా ఖరీదుగానే దొరుకుతుంది, కానీ సూదితో ఖాళీ చేసి వేచిచూసే దారి కొన్ని గంటలే తెరిచి ఉంటుంది. కాబట్టి డబ్బు లేదన్నవారితో మాట్లాడేటప్పుడు మొదటి వాక్యం ఇప్పుడు, ఈ గంటకు ఎంత అన్నదే కావాలి. గరిష్ఠ మొత్తాన్ని దాచమని నేననడం లేదు. దాన్ని రెండో వాక్యంలో చెప్పాలి. మా క్లినిక్‌లో ఇప్పుడు అంచనా కాగితానికి నాలుగు గళ్లు ఉన్నాయి: ఈ గంట, ఈ రాత్రి, తర్వాతి రెండు రోజులు, అనుకోనిది జరిగితే. ప్రతి గడి కింద ఆగిపోవచ్చా, ఆగితే ఏమవుతుంది అని రాయడానికి ఒక గీత ఉంది.

మూత్రాశయాన్ని సూదితో ఖాళీ చేయడం, నొప్పి తగ్గించడం ఇప్పుడు డబ్బు మాటకంటే ముందే చేస్తున్నాను. అందుకు పట్టేది పదిహేను నిమిషాలు. వెళ్లిపోయేవారు వెళ్లినా, పిల్లికి ఆ రాత్రి దక్కుతుంది.

గొట్టం తీయడం, ఇంటికి పంపడం వంటి నిర్ణయాల పక్కన రికార్డులో ఇప్పుడు ఇంకొక ప్రశ్న రాసుకుంటున్నాను: డబ్బు అడ్డులేకపోతే ఇదే చేసేవాడినా? జవాబు వేరైతే ఆ మాట ఎదుటివారికి చెప్పాలి. ఆ తర్వాత వారూ నేనూ కలిసి తేల్చుకుంటాం. గత ఏడాదిలో ఈ ప్రశ్న నన్ను రెండుసార్లు ఆపింది. ఒకసారి అప్పు ఇచ్చాను, ఒకసారి ఇవ్వలేకపోయాను.

వీధి జంతువులకు అన్నం పెట్టేవారికి చెప్పవలసింది ఒకటుంది. గండుపిల్లి తట్టలోకి రెండుసార్లు వెళ్లి ఖాళీగా వస్తే దాన్ని మలబద్ధకం అనుకోవద్దు. ఆముదం, మూత్రం మంట సిరప్, బలవంతపు నీళ్లు ఏవీ వద్దు, ఇంట్లో ఉన్న పారాసిటమాల్ అసలే వద్దు. పిల్లి కాలేయం దాన్ని విరిచేయలేదు, ఒక్క మాత్రే చంపగలదు. డబ్బు సమకూరాక వద్దామని ఆగకుండా ఉన్నంతతో రావాలి. ఎంత ఉందో మొదటే చెబితే అంతలో ఏం చేయగలమో డాక్టరు ఆలోచిస్తారు.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. పిల్లి పగలు సందులో, రాత్రి ఆమె గదిలో ఉంటోంది. పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం తట్టలో గులాబీ రంగు మరక చూసి, గంటలోపే దుకాణం నుంచి సెలవు అడిగి తెచ్చారు. మూత్రాశయం మెత్తగా, చిన్నదిగా ఉంది, అడ్డు లేదు. నొప్పికి మందు ఇచ్చి, నీటి గిన్నె ఎండలో పడుతోందని తెలిసి నీడకు మార్చమన్నాను. ఆ రోజు బిల్లు 250 అయింది. అంచనా కాగితంలో మొదటి గడి ఒక్కటే నింపాం.